కెర్నెల్ బయటి కోడ్ – 4వ పాఠం: వెర్షన్‌ను కాదు, కంపైలర్‌ను అడగండి

పోయిన పాఠంలో మన మాడ్యూల్‌ను (కెర్నెల్‌లోకి ఎక్కించే మన కోడ్‌ను) డీకేఎంఎస్ అనే టూల్‌కు అప్పజెప్పాం. కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా అదే మళ్లీ బిల్డ్ మొదలుపెడుతుంది. మొదలుపెట్టిన బిల్డ్ పూర్తవుతుందా అన్నదే ఈ పాఠం.

లినక్స్‌లో యూజర్ ప్రోగ్రాములకు ఇచ్చిన మాట తప్పరు. ఏదైనా మార్పు వల్ల పాత ప్రోగ్రాం ఆగిపోతే లైనస్ టోర్వాల్డ్స్ ఊరుకోరు. లోపలి ఫంక్షన్లకు మాత్రం అలాంటి హామీ లేదు. వాటిని మార్చినవాళ్లే కెర్నెల్ ట్రీలో, అంటే లినక్స్ సొంత సోర్స్ కోడ్‌లో, వాడకాలన్నీ సరిచేస్తారు. మన కోడ్ ట్రీ బయట ఉంది కాబట్టి దాన్ని మనమే చూసుకోవాలి.

క్లాస్_క్రియేట్ అనే కెర్నెల్ ఫంక్షన్‌నే తీసుకుందాం. 6.3 వరకు దానికి రెండు ఆర్గ్యుమెంట్లు: దిస్_మాడ్యూల్, ఆ తర్వాత పేరు. 6.4లో మొదటిది తీసేశారు. పాత కోడ్ అక్కడ కంపైల్ కాదు. వెంటనే అందరికీ తట్టేది, లినక్స్_వెర్షన్_కోడ్ (కెర్నెల్ వెర్షన్‌ను ఒకే సంఖ్యగా చెప్పేది) 6.4 కంటే తక్కువో కాదో చూసే ఒక #ఇఫ్. అసలు కెర్నెల్ మీద అది పనిచేస్తుంది. కానీ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 కెర్నెల్ పేరుకు 4.18. లోపల ఆ తర్వాతి కెర్నెళ్ల నుంచి తెచ్చి అతికించిన మార్పులు బోలెడు. నంబర్ చూసి లోపల ఏముందో చెప్పడం, ఊరు పేరు విని ఇంట్లో ఏం కూర వండారో చెప్పడం లాంటిది. పైగా ఆ వెర్షన్ కోడ్‌లో చివరి అంకెకు ఎనిమిది బిట్లే ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో 4.9.256 వచ్చినప్పుడు లెక్క పొంగి 4.10.0తో సమానమయ్యే పరిస్థితి వచ్చింది. అందుకే ఆ అంకెను 255 దగ్గర ఆపేశారు.

కాబట్టి కంపైలర్‌నే అడుగుదాం. క్లాస్_క్రియేట్‌ను ఒకే ఆర్గ్యుమెంట్‌తో పిలిచే నాలుగు లైన్ల సీ ఫైల్ రాయండి. దాన్ని ఉత్త జీసీసీతో కాకుండా, కెర్నెల్ సొంత బిల్డ్ పద్ధతి కేబిల్డ్‌తోనే మాడ్యూల్‌గా కంపైల్ చేయించండి. లేకపోతే హెడర్ల దారులు, కాన్ఫిగ్ తేడా పడతాయి. పాసైతే కాన్ఫిగ్.హెచ్‌లో ఒక #డిఫైన్ పడాలి, అంతే.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. కెర్నెల్ హెడర్లు ఇన్‌స్టాల్ కాకపోయినా పరీక్ష ఫెయిలే. మన స్క్రిప్ట్ దాన్ని ‘పాత కెర్నెల్’ అనుకుని తప్పు దారి పడుతుంది, ఎర్రర్ ఇంకెక్కడో బయటపడుతుంది. అందుకని ముందు ఏమీ లేని ఖాళీ మాడ్యూల్‌ను బిల్డ్ చేసి చూడండి. అదే కాకపోతే అక్కడే ఆగిపోవాలి.

ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ చేసేది ఇదే. అది 2005లో సన్ కంపెనీ ఓపెన్‌సోలారిస్‌తో విడుదల చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ కోడ్‌కు వారసురాలు. లైసెన్స్ పొసగక లినక్స్ ట్రీ బయటే ఉండిపోయింది. దాని అసలు కోడ్ ఇప్పటికీ సోలారిస్ భాషలోనే మ్యూటెక్స్_ఎంటర్ అంటుంది, మధ్యలో ఎస్‌పీఎల్ అనే పొర దాన్ని లినక్స్ మ్యూటెక్స్_లాక్‌గా మారుస్తుంది. కన్ఫిగర్ దశలో ఇలాంటి చిన్న పరీక్షలు కుప్పలుగా నడుస్తాయి. ఏ లినక్స్ నుంచి ఏ లినక్స్ వరకు పనిచేస్తుందో మెటా అనే ఫైల్‌లో రాసి పెడతారు. మీరూ అలా రాయండి, బగ్ రిపోర్టులు సగం అక్కడే తేలిపోతాయి.

ఇక #ఇఫ్‌లన్నీ కంపాట్.హెచ్ అనే ఒక్క ఫైల్‌లోనే ఉండాలి. డ్రైవర్ కోడ్‌లో ఒక్కటీ కనపడకూడదు, ఈ విషయంలో నేను మొండివాణ్ణే. సొంత పేరుతో ఒక చిన్న ఫంక్షన్ పెట్టుకోండి, దాని ఆర్గ్యుమెంట్లు మాత్రం కొత్త కెర్నెల్ పద్ధతిలోనే ఉండాలి. రేపు పాత కెర్నెళ్లకు సపోర్ట్ ఆపేస్తే కంపాట్.హెచ్‌లో నాలుగు లైన్లు కొట్టేస్తే సరి.

అభ్యాసం: 5.6 నుంచి, /proc లో ఫైల్ సృష్టించే ప్రోక్_క్రియేట్‌కు ఫైల్_ఆపరేషన్స్ బదులు ప్రోక్_ఆప్స్ ఇవ్వాలి. దీనికి పరీక్ష రాసి 5.4 మీద, 6.1 మీద నడపండి. రెండింటిలోనూ పాసైతే, మీరు స్ట్రక్ట్ ప్రోక్_ఆప్స్‌కు పాయింటర్ మాత్రమే ప్రకటించి ఉంటారు. లేని స్ట్రక్ట్‌కైనా పాయింటర్ పెట్టుకోనిస్తుంది సీ. ప్రోక్_ఓపెన్ ఫీల్డ్‌కు విలువ ఇచ్చి మళ్లీ నడపండి, 5.4 మీద ఫెయిలవ్వాలి.