మంచు మీద రెఫరీ, 3వ పాఠం: పక్ వెంట పోకండి, వీపు చూడండి

పోయిన పాఠంలో విజిల్ వేలికి తొడుక్కోవడం, గోల్ లైన్ దగ్గర నిలబడే చోటు చూశాం. ప్రాక్టీస్ చెయ్యకపోతే ముందు అది చేసి రండి, ఎందుకంటే ఈరోజు పనంతా కళ్లతో, కాళ్ల గురించి ఆలోచించే తీరిక ఉండదు.

పెద్దవాళ్లు సరదాగా ఆడుకునే ఐస్ హాకీ లీగుల్లో చాలావాటిలో బాడీ చెకింగ్ ఉండదు, అంటే ఒంటితో గుద్ది పక్ (బంతికి బదులు వాడే బిళ్ల) లాక్కోవడం కుదరదు. మరి దెబ్బలెందుకు తగులుతాయి? కావాలని కొట్టేవాళ్లు తక్కువే. ఒకాయన చిన్నప్పట్నుంచి ఆడుతున్నాడు, ఇంకొకాయన 40 దాటాక స్కేట్లు కట్టాడు, ఇద్దరూ ఒకే పక్ కోసం కార్నర్‌లోకి దూసుకెళతారు, రెండో ఆయనకి ఆగడం ఇంకా సరిగ్గా రాదు. నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ ఈ బాపతే.

పక్ కార్నర్‌లోకి వెళ్లగానే కొత్త రెఫరీ కళ్లు దాని వెంటే పోతాయి. నావీ అలాగే పోయేవి. మొదటి సీజన్‌లో ఒకసారి బోర్డులు (మైదానం చుట్టూ ఉండే గోడ) ధన్‌మని మోగాక తలెత్తి చూస్తే ఒకతను కింద పడున్నాడు, ఎవరు తోశారో, అసలు తోశారో లేదో కూడా చెప్పలేకపోయాను. పక్ మూడంగుళాల రబ్బరు బిళ్ల, దానికేం కాదు. మీరు చూడాల్సింది ముందు చేరినవాడి వీపు. వెనకొచ్చేవాడికి ఆ జెర్సీ నంబరు పూర్తిగా కనిపిస్తోందంటే అతను ఆగాలి, లేదా పక్కకి తప్పుకోవాలి. ఆగుతున్నాడో లేదో స్కేట్లే చెప్తాయి: ఆగేవాడి బ్లేడ్లు అడ్డం తిరుగుతాయి, మంచు పొడి లేస్తుంది. ఇంకా అడుగులు వేస్తూనే ఉన్నాడా, సిద్ధంగా ఉండండి. తగలకముందే మాత్రం తప్పు జరిగిందని చెయ్యి ఎత్తకండి, చివరి క్షణంలో తప్పుకునేవాళ్లు కూడా ఉంటారు.

ఇప్పుడు దూరం సంగతి. బోర్డుకి పూర్తిగా ఆనుకుని ఉన్నవాణ్ని తోస్తే నలుగుతాడు, నొప్పి పుడుతుంది. అదే మూడు నాలుగడుగుల దూరంలో తల వంచి పక్ వెతుక్కుంటున్నవాణ్ని వెనక నుంచి తోస్తే తూలి, తల ముందుకి పోయి, నేరుగా బోర్డుకి కొట్టుకుంటుంది, మెడ ఎముకలు విరిగే ప్రమాదం అక్కడే ఉంది. చూడ్డానికి రెండోది చిన్న తోపులాగే ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు వదిలేస్తారు. వదలొద్దు. పెనాల్టీ 2 నిమిషాల మైనరా, 5 నిమిషాల మేజరా అన్నది మీ లీగ్ నిబంధనల్లో చూసుకోండి, కానీ ఏదో ఒకటి ఇవ్వాలి. "ఆగలేకపోయాను సార్" అంటాడు. నిజమే చెప్తున్నాడు. అయినా ఆగడం రానివాడు అంత వేగంగా రాకూడదు, అదే మాట మెల్లగా చెప్పి పెనాల్టీ బాక్స్ (తప్పు చేసినవాడు ఆట బయట కూర్చునే చోటు) చూపించండి.

మామూలుగా చెయ్యి ఎత్తి, తప్పు చేసిన జట్టు చేతికి పక్ చిక్కాకే విజిల్ వేస్తాం. గట్టి దెబ్బ తగిలినట్టు కనిపిస్తే మాత్రం పక్ ఎవరి దగ్గరున్నా వెంటనే ఆపండి. గోల్‌కీపర్ మాస్క్ ఊడినా అంతే. ఒకరి మీద ఒకరు పడి కాళ్లు గాల్లోకి లేచినా నేను ఆలస్యం చెయ్యను, బ్లేడు ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. 2023 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడుతుండగా ఆడం జాన్సన్ అనే ఐస్ హాకీ ఆటగాడు మెడకి స్కేట్ తగిలి చనిపోయాడు. ఆ తర్వాతే అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తన సీనియర్ పోటీల్లో కూడా మెడ రక్షణ పట్టీ తప్పనిసరి చేసింది. మీ లీగ్‌లో తప్పనిసరి కాకపోతే మీరు బలవంతం చెయ్యలేరు, ఆట మొదలుకాకముందు కెప్టెన్లతో ఒక మాట అనొచ్చు. మీరు మటుకు పెట్టుకోండి.

పడినవాడు లేచి "బాగానే ఉన్నాను" అంటే ఏం చెయ్యాలన్నది నాలుగో పాఠం. అప్పటిదాకా ఒకటి గుర్తుంచుకుంటే చాలు: తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే అతనికి ఆరోజు ఆట అయిపోయినట్టే.

ఈ వారం పని: వేరేవాళ్ల ఆటకి వెళ్లి బోర్డుల మీదుండే అద్దం బయట నిలబడండి. ఒక పీరియడ్ (ఆటలో ఒక భాగం) మొత్తం, పక్ కార్నర్‌లోకి వెళ్లిన ప్రతిసారీ వెనకొచ్చేవాడి స్కేట్లే చూడండి. ఎన్నిసార్లు ఆగాడు, ఎన్నిసార్లు ఆగలేదు, కాగితం మీద గీతలు పెట్టండి. మొదటి పది నిమిషాలు కళ్లు మాట వినవు, పక్ వైపే లాగుతాయి, అలా జారిపోయిన ప్రతిసారికీ ఇంకో గీత పక్కన పెట్టుకోండి.