స్మార్ట్ థర్మోస్టాట్ ఎలా ఎంచుకోవాలి? ముందు గోడలోని వైర్లు చూడండి

స్మార్ట్ థర్మోస్టాట్ అంటే ఇంటి వేడినీ చల్లదనాన్నీ చూసుకునే, ఫోన్ నుంచి కూడా నడిపించగలిగే గోడ మీది డబ్బా. దాన్ని కొనాలనుకున్నప్పుడు నేనూ అందరిలాగే ముందు బొమ్మలు చూశాను. గుండ్రటిదా, పలకలా ఉన్నదా, నల్లదా, తెల్లదా అని వారం రోజులు తర్జనభర్జన పడి ఒకటి తెప్పించాను. తీరా పాత డబ్బా విప్పి చూస్తే గోడలోంచి వచ్చినవి నాలుగే వైర్లు. కొత్తదానికి ఐదోది కావాలట. పెట్టె మళ్లీ మూసి వెనక్కి పంపేశాను. అందుకే ఇక్కడ ఫీచర్ల సంగతి బాగా ఆలస్యంగా వస్తుంది. ఏది కొనవచ్చో ముందు వైర్లు చెబుతాయి, మన ఇష్టాయిష్టాలు ఆ తర్వాతే.

మొదటి పని: మీ ఇంట్లో ఉన్నది ఏ రకం సిస్టమో తేల్చుకోండి

మార్కెట్లో దొరికే స్మార్ట్ థర్మోస్టాట్లలో ఎక్కువ భాగం 24 వోల్టుల కంట్రోల్ వైర్లతో నడిచే సెంట్రల్ సిస్టమ్ కోసం తయారైనవి. అంటే ఒకచోట ఫర్నేసో (గాలిని వేడి చేసే యంత్రం) హీట్ పంపో (వేడినీ చల్లదనాన్నీ ఇచ్చేది) ఉండి, డక్టుల (గాలి గొట్టాల) ద్వారా అన్ని గదులకూ గాలి పంపే ఏర్పాటు. మీది అదే అయితే చాలా మోడళ్లు సరిపోతాయి.

గోడ కింద అంచున ఉండే ఎలక్ట్రిక్ బేస్‌బోర్డ్ హీటర్లయితే కథ వేరు. వాటి థర్మోస్టాట్‌లోకి 120 లేదా 240 వోల్టుల కరెంటు నేరుగా వస్తుంది. వైర్లు లావుగా ఉంటాయి, రెండో నాలుగో మాత్రమే ఉంటాయి. మామూలు స్మార్ట్ థర్మోస్టాట్‌ను వీటికి కలిపితే అది కాలిపోతుంది, ఇంటికి నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. వీటి కోసం విడిగా లైన్ వోల్టేజ్ మోడళ్లు దొరుకుతాయి, అవే తీసుకోండి.

రిమోట్‌తో నడిచే స్ప్లిట్ ఏసీ ఉన్నవాళ్లకు సాధారణంగా గోడ థర్మోస్టాట్ అవసరమే పడదు. రిమోట్ పంపే ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్‌ను తానే పంపగలిగే చిన్న వైఫై కంట్రోలర్ చాలు. ఇక అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే కొన్ని ఖరీదైన వేరియబుల్ స్పీడ్ సిస్టమ్‌లు తమ కంపెనీ థర్మోస్టాట్‌తో తప్ప మాట్లాడవు. వైర్ల దగ్గర మామూలు అక్షరాలకు (ఆర్, డబ్ల్యూ లాంటివి, కింద చెబుతాను) బదులు ఎ, బి, సి, డి అని వరసగా కనిపిస్తే బయటి బ్రాండు కొనేముందు సిస్టమ్ తయారీదారును అడగడం మంచిది.

రెండో పని: మూత తీసి ఫోటో తీయండి

ముందు బ్రేకర్ ఆఫ్ చేయండి. ఫర్నేస్‌కూ, బయటి యూనిట్‌కూ వేర్వేరు బ్రేకర్లు ఉంటాయి కాబట్టి రెండూ. 24 వోల్టులేగా అని చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. మనిషికి షాక్ తగలకపోయినా, రెండు వైర్లు పొరపాటున ఒకదానికొకటి తగిలితే ఫర్నేస్ బోర్డు మీది ఫ్యూజ్ పోతుంది. తర్వాత కొత్త థర్మోస్టాట్ వెలగకపోతే అదే చెడిపోయిందనుకుని తల పట్టుకుంటాం.

పాత థర్మోస్టాట్ ముందు భాగం లాగితే వెనక పలక మీద అక్షరాలు, వాటి పక్కన బిగించిన వైర్లు కనిపిస్తాయి. వైర్లు విప్పకముందే ఫోటో తీయండి. ఆర్ అంటే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కరెంటు. డబ్ల్యూ వేడికి, వై చల్లదనానికి, జి ఫ్యాన్‌కి. సి అంటే కామన్, దాని సంగతి కాసేపట్లో. హీట్ పంప్ అయితే ఓ లేదా బి అనేది కూడా ఉంటుంది. ఎర్ర వైరు ఆర్‌కు, ఆకుపచ్చ వైరు జికి వేయడం వాడుకే గానీ, రంగును మాత్రం నమ్మకండి. బిగించినవాళ్లు చేతికి దొరికిన రంగు వేసి వెళ్లిపోయిన ఇళ్లు బోలెడు. ఏ వైరు ఏ అక్షరం దగ్గర ఉందన్నదే లెక్క.

ఈ ఫోటో చేతిలో ఉంటే కొనే పని సగం అయిపోయినట్టే. చాలా కంపెనీలు తమ వెబ్‌సైట్‌లో ఏయే అక్షరాల దగ్గర వైర్లున్నాయో టిక్ పెట్టమని అడిగి, తమ మోడల్ సరిపోతుందో లేదో చెబుతాయి.

మూడో పని: సి వైరు ఉందా లేదా?

ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పాతకాలపు థర్మోస్టాట్ ఒట్టి స్విచ్. గది వేడెక్కితే ఆర్‌నూ వైనీ కలుపుతుంది, ఏసీ మొదలవుతుంది. చల్లబడితే విడదీస్తుంది. దానికంటూ కరెంటు అక్కర్లేదు. స్మార్ట్ థర్మోస్టాట్‌కు స్క్రీన్ ఉంది, వైఫై ఉంది, ఇరవైనాలుగు గంటలూ కరెంటు తాగుతుంది. ఆర్ నుంచి వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారే సి వైరు.

సి లేకపోయినా పనిచేస్తామనే మోడళ్లున్నాయి. అవి చల్లదనం వైరు నుంచో వేడి వైరు నుంచో కొద్దికొద్దిగా కరెంటు లాక్కుని లోపలి బ్యాటరీని నింపుకుంటాయి. చాలా ఇళ్లలో ఇది బాగానే నడుస్తుంది. కొన్ని సిస్టమ్‌లలో మాత్రం రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్) టకటకమని కొట్టుకోవడం, హీటరూ ఏసీ రెండూ అక్కర్లేని రోజుల్లో బ్యాటరీ దిగిపోవడం లాంటి తలనొప్పులు వస్తాయి. నన్నడిగితే సి వైరు ఏర్పాటు చేసుకోవడమే నయం.

దానికి దారులున్నాయి. ముందు గోడ రంధ్రంలోకి చూడండి. కేబుల్‌లో ఐదు వైర్లుండి, నాలుగే వాడి, ఐదోదాన్ని మడిచి లోపలికి తోసేసి ఉండవచ్చు. అలాంటిది కనిపిస్తే అదృష్టమే. దాని రెండో కొసను ఫర్నేస్ బోర్డు మీద సి దగ్గర బిగిస్తే చాలు. లేకపోతే ఫర్నేస్ దగ్గర పెట్టే అడాప్టర్ కిట్ కొన్ని బ్రాండ్లు పెట్టెలోనే ఇస్తాయి. అదీ కాకపోతే ప్లగ్గులో పెట్టే 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వాడవచ్చు, కాకపోతే గోడ మీద వైరు వేలాడుతుంది. ఫ్యాన్ వైరును సి కింద మార్చుకోవడం ఇంకో పద్ధతి. అప్పుడు ఫ్యాన్‌ను ఒక్కదాన్నే విడిగా తిప్పుకునే వీలు పోతుంది.

హీట్ పంప్ ఉన్నవాళ్లు మాత్రమే చదవాల్సిన భాగం

హీట్ పంప్ ఒకే యంత్రం, వేసవిలో వేడిని బయటికి తోస్తుంది, చలికాలంలో లోపలికి లాగుతుంది. ఈ దిశ మార్చేది రివర్సింగ్ వాల్వ్, దాని వైరే ఓ లేదా బి. చాలా కంపెనీల సిస్టమ్‌లలో చల్లబరిచేటప్పుడు ఈ వాల్వ్‌కు కరెంటు వెళుతుంది. రీమ్ లాంటి కొన్నింటిలో వేడి చేసేటప్పుడు వెళుతుంది. సెట్టింగ్ తప్పు పడితే చల్లదనం అడిగినప్పుడు వేడి గాలి కొడుతుంది. కంగారు అక్కర్లేదు, మెనూలో ఆ ఒక్కటీ మార్చితే సరి.

అసలు చూడాల్సింది అదనపు హీటర్‌ను థర్మోస్టాట్ ఎలా వాడుతుందన్నది. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో, మరీ గడ్డకట్టే చలి లేనప్పుడు, రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఆక్సిలరీ అనే కాయిల్ హీటర్ ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే పంపు ఒక్కటీ అందుకోలేక ఆ హీటర్ కూడా మొదలవుతుంది. రాత్రంతా దాచుకున్నది పొద్దున పోతుంది. బయట ఇన్ని డిగ్రీల కంటే వెచ్చగా ఉంటే ఆక్సిలరీ వద్దు అని మనం చెప్పగలిగే సెట్టింగ్ ఉన్న మోడల్‌నే ఎంచుకోండి. మెరిసే స్క్రీన్ కంటే ఈ ఒక్క సెట్టింగే బిల్లులో ఎక్కువ తేడా చూపిస్తుంది.

తర్వాత: సెన్సర్లు, షెడ్యూలు

థర్మోస్టాట్ తనున్న చోటి వేడినే కొలుస్తుంది. అది హాల్లో ఉండి, పడకగది మేడమీద ఉంటే హాలు చల్లబడగానే ఏసీ ఆగిపోతుంది, పడకగది ఉక్కపోస్తూనే ఉంటుంది. మీ ఇంట్లో ఇదే గొడవైతే విడి గది సెన్సర్లు కలిసే మోడల్ తీసుకోండి. చిన్న ఇల్లయితే ఆ ఖర్చు దండగ. ఎండ పడే గోడ మీదో వంటగది పక్కనో గాలి వచ్చే రంధ్రం ఎదురుగానో ఉన్న థర్మోస్టాట్‌ను ఎంత తెలివైనదైనా బాగుచేయలేదు, చోటు మార్చాల్సిందే.

ఆదా సంగతి. అమెరికా ప్రభుత్వ ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ లెక్క ప్రకారం స్మార్ట్ థర్మోస్టాట్ వల్ల వేడి, చల్లదనం ఖర్చు సగటున 8 శాతం తగ్గుతుంది. అక్కడి ఇంధన శాఖ ఇంకో మాట కూడా చెబుతుంది: రోజుకు 8 గంటలపాటు సెట్టింగ్‌ను 7 నుంచి 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు సడలిస్తే (చలికాలంలో తగ్గించి, వేసవిలో పెంచి) ఏడాదికి 10 శాతం దాకా మిగులుతుందని. అది చేత్తో చేసినా మిగులుతుంది. ఇంట్లోంచి బయటికెళ్లే ప్రతిసారీ గుర్తుపెట్టుకుని మార్చే అలవాటున్నవాళ్లకు ఈ కొత్త డబ్బా పెద్దగా మిగిల్చేదేమీ ఉండదు. నాలా మర్చిపోయేవాళ్లకే లాభం. మీ టైమ్ రోజూ ఒకేలా ఉంటే మామూలు షెడ్యూలు చాలు. రాకపోకలకు వేళాపాళా లేకపోతే ఫోన్ ఎక్కడుందో చూసి మారే మోడల్ పనికొస్తుంది.

కొనేముందు కంపెనీ గురించి

థర్మోస్టాట్ పదిహేనేళ్లు గోడ మీద ఉండే వస్తువు, యాప్ అంతకాలం ఉంటుందన్న హామీ లేదు. 2011, 2012లో వచ్చిన మొదటి రెండు తరాల నెస్ట్ థర్మోస్టాట్లకు గూగుల్ 2025 అక్టోబర్ 25తో సపోర్ట్ ఆపేసింది. గోడ మీద చేత్తో తిప్పితే అవి పనిచేస్తాయి, ఫోన్ నుంచి మాత్రం నడవవు. 2016 జనవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల నెస్ట్ బ్యాటరీలు దిగిపోయి, గడ్డకట్టే చలిలో కొన్ని ఇళ్లలో హీటింగ్ ఆగిపోయింది. కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇంటర్నెట్ లేకపోయినా షెడ్యూలు నడుస్తుందా? అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు? మ్యాటర్ ప్రమాణం (వేర్వేరు కంపెనీల స్మార్ట్ వస్తువులు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి) ఉన్న మోడలైతే ఒక్క కంపెనీ యాప్ మీదే పూర్తిగా ఆధారపడక్కర్లేదు.

మన థర్మోస్టాట్ సెట్టింగ్‌ను అవసరమైనప్పుడు తానే మార్చుకునేలా ఒప్పుకుంటే కరెంటు కంపెనీ డిస్కౌంట్ ఇస్తానంటే, సంతకం పెట్టేముందు షరతులు చదవండి. 2021 జూన్‌లో టెక్సాస్‌లో అలాంటి పథకంలో చేరిన కొందరికి, గ్రిడ్ మీద భారం పెరిగిన వేళ తమ ఇంట్లో ఏసీ సెట్టింగ్ దానంతటదే పైకి జరిగిందని తెలిసి ఒళ్లు మండింది. పథకం చెడ్డదని కాదు, చేరినట్టు వాళ్లకు గుర్తే లేదు.

బిగించిన రోజు

వైఫై దొరకట్లేదంటే ముందు రౌటర్ చూడండి, చాలా థర్మోస్టాట్లు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీదే కలుస్తాయి. వేడి, చల్లదనం, ఫ్యాన్ మూడూ విడివిడిగా నడిపి చూడండి. ఏసీ వెంటనే మొదలు కాకపోతే ఐదు నిమిషాలు ఆగండి, కంప్రెసర్ దెబ్బతినకుండా థర్మోస్టాటే ఆ వ్యవధి ఇస్తుంది. పాతదాన్ని ఒక వేసవి, ఒక చలికాలం గడిచేదాకా దాచి ఉంచండి. దానిలో వెండిలా మెరిసే బొట్టున్న గాజుగొట్టం కనిపిస్తే అది పాదరసం. అలాంటిదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.