ఓఎల్‌ఈడీ గేమింగ్ మానిటర్‌ను పూర్తి వేగంతో నడపడం, మచ్చలు పడకుండా కాపాడుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగిళ్ళల్లో కూడా ఇప్పుడు 240 హెర్ట్జ్ (సెకనుకు 240 సార్లు బొమ్మ మార్చే) ఓఎల్‌ఈడీ మానిటర్లు కనిపిస్తున్నాయి. అంత డబ్బు పోసి కొన్న వస్తువు 60 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోయినా, తెర మీద మచ్చలు తేలినా ప్రాణం ఉసూరుమంటుంది. పెట్టె విప్పిన రోజే ఈ పనులు చేసుకుంటే ఆ బాధ ఉండదు.

ముందు చోటు చూసుకోండి. కిటికీ వెలుతురు నేరుగా తెర మీద పడకూడదు. క్యూడీ-ఓఎల్‌ఈడీ (ఓఎల్‌ఈడీలో ఒక రకం) ప్యానెల్ అయితే వెలుతురులో నలుపు కాస్త ఊదారంగుకు తిరుగుతుంది. ఈ రకం మానిటర్ అందమంతా ఆ నలుపులోనే ఉంది. ఇందులో ప్రతి పిక్సెల్ (తెర మీది చిన్న చుక్క) తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది.

తర్వాత కేబుల్. మానిటర్‌తో పాటు పెట్టెలో వచ్చిన డిస్‌ప్లేపోర్ట్ కేబులే వాడండి. దాన్ని మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. ఇంట్లో పడివున్న పాత హెచ్‌డీఎంఐ కేబుల్‌తో బొమ్మ వస్తుంది గానీ వేగం రాదు. హెచ్‌డీఎంఐ 2.0 అయితే 1440పీ (2560×1440 చుక్కల) తెర దగ్గర 144 హెర్ట్జ్‌తోనే సరి. పీఎస్5 గేమ్ కన్సోల్‌ను 4కేలో 120 హెర్ట్జ్‌తో ఆడాలంటే హెచ్‌డీఎంఐ 2.1 కావాలి, అందులో ఎలాగూ 120 హెర్ట్జ్ దాటదు.

ఇప్పుడు విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే వరసగా తెరిచి రిఫ్రెష్ రేటును 240కి మార్చండి. కొత్తగా తగిలించిన మానిటర్ చాలాసార్లు 60 మీదే ఉండిపోతుంది. 60 దగ్గర ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలిస్తే, 240 దగ్గర 4.2 మాత్రమే. మౌస్‌ను గుండ్రంగా తిప్పి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

జీ-సింక్ లేదా ఫ్రీసింక్ (గేము ఫ్రేముల వేగానికి తగ్గట్టు తెర వేగాన్ని మార్చే సౌకర్యం) ఆన్ చేసి, గేములో ఫ్రేముల పరిమితి 230 దగ్గర పెట్టండి. చీకటి సీన్లలో, లోడింగ్ అవుతున్నప్పుడు తెర కొద్దిగా మిణుకుమంటే ప్యానెల్ పాడైందని కంగారు పడక్కర్లేదు. ఫ్రేముల వేగం ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు ఓఎల్‌ఈడీలో అది మామూలే. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను పెంచి చూపే పద్ధతి) గేములకూ సినిమాలకూ పెట్టుకుంటే చాలు. విండోస్, ఆల్ట్, బి మీటలు కలిపి నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్.

అసలు సంగతి స్విచ్‌బోర్డు దగ్గరుంది. పడుకునే ముందు అన్ని స్విచ్చులూ కట్టేయడం మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ అలవాటు. మామూలు ఎల్‌ఈడీ టీవీకి అది మంచిదే. ఈ మానిటర్‌కు మాత్రం చెరుపు. ఎక్కువసేపు వెలిగిన పిక్సెల్ తొందరగా మసకబారుతుంది కాబట్టి, ఆ తేడాను సరిచేసుకునే పిక్సెల్ రిఫ్రెష్ అనే పని మానిటర్ స్టాండ్‌బైలో (తెర ఆరి, కరెంటు మాత్రం అందుతూ) ఉన్నప్పుడే జరుగుతుంది. చాలా మోడళ్ళలో సుమారు 4 గంటల వాడకానికి ఒకసారి, కొన్ని నిమిషాల పాటు నడుస్తుంది. గోడ స్విచ్ కట్టేస్తే ఆ పని మధ్యలో ఆగిపోతుంది, రోజూ అదే జరిగితే తెర మీద చారలూ నీడలూ మిగులుతాయి. అందుకే కంప్యూటర్ షట్‌డౌన్ చేశాక మానిటర్ ప్లగ్గును అలాగే వదిలేయండి. "అమ్మా, ఈ స్విచ్ ఒక్కటీ కట్టకు" అని ఇంట్లో చెప్పి, దాని మీద చిన్న కాగితం అంటించండి. కరెంటు తరచూ పోయే ఊరైతే మానిటర్‌ను యూపీఎస్‌కు కలపడం చాలా అవసరం.

ఒక్కటే మినహాయింపు. వేసవి సాయంత్రం మహేంద్రగిరి కొండ వైపు మబ్బు కమ్మి ఉరుములు మొదలయ్యాయంటే ప్లగ్గు పూర్తిగా పీకేయండి, ఇంటర్నెట్ తీగతో సహా. పిడుగు దెబ్బ ముందు పిక్సెల్ రిఫ్రెష్ ఒకరోజు తప్పినా నష్టం లేదు.

పగలంతా తెలుగు న్యూస్ చానల్ పెట్టి ఉంచడానికి ఇది పనికిరాదు. మూలన కదలని లోగో, అడుగున ఎర్రపట్టీ గంటల తరబడి ఒకేచోట ఉంటే అక్కడ మచ్చ పడిపోతుంది. నాన్నగారి వార్తలకు హాల్లో టీవీయే మేలు. ఆఫీసు పనికి తప్పనిసరైతే టాస్క్‌బార్ దాచండి, డార్క్ మోడ్, నల్లని వాల్‌పేపర్ పెట్టండి, 5 నిమిషాలు ముట్టుకోకపోతే తెర ఆరిపోయేలా చేయండి. బొమ్మను అప్పుడప్పుడు కొద్దిగా జరిపే పిక్సెల్ షిఫ్ట్‌ను ఆపొద్దు.

దుమ్ము పడితే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, తెర ఆరి ఉన్నప్పుడు, నొక్కకుండా తుడవాలి. అద్దాలు తుడిచే ద్రావకం, స్పిరిట్ తగిలితే పైపూత పోతుంది. వారంటీ కాగితంలో బర్న్-ఇన్ (తెర మీద శాశ్వతంగా పడే మచ్చ) అనే మాట ఉందో లేదో కొనేముందే చదవండి, కొన్ని కంపెనీలు దానికి 3 ఏళ్ళు ఇస్తున్నాయి. శ్రీకాకుళంలోనో విశాఖలోనో కొనే ముందు, మీ దగ్గర ఒడిశాలో సర్వీసు ఏ ఊళ్ళో దొరుకుతుందో అడిగి, జీఎస్టీ బిల్లు మీ పేరు మీదే తీసుకోండి. పెట్టెను, లోపలి థర్మాకోల్‌ను పారేయకండి. సర్వీసుకు పంపాల్సి వస్తే ఇంత పెద్ద తెరను విరక్కుండా తీసుకెళ్ళడానికి అవే దిక్కు.