మంట, దురద, వాసన, పొడి: ఏ బాధకు నీళ్లు చాలు, దేనికి చాలవు

ఎండాకాలంలో తిరుపతిలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఆ రోజుల్లో ఆడవాళ్లకు మూత్రంలో మంట పుట్టినా, తెల్లబట్ట అయినా, దురద వచ్చినా ఇంట్లో వినిపించే సలహా ఒకటే: వేడి చేసింది, మజ్జిగ తాగు, సబ్జా గింజలు నానబెట్టుకో. అందులో సగం నిజం ఉంది. నీళ్లు సరిపడా తాగితే కొన్ని బాధలు నిజంగానే తగ్గుతాయి. మరికొన్నింటికి ఎన్ని చెంబులు తాగినా ఫలితం ఉండదు, ఈలోగా జబ్బు ముదురుతుంది.

ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది. లోపల ఉండే లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి, ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్‌ను 3.8 నుంచి 4.5 మధ్య నిలుపుతుంది. ఆ ఆమ్లగుణం వల్లే చెడు సూక్ష్మజీవులు పెరగవు. నెల మధ్యలో తెల్లసొనలా సాగే స్రావం, నెలసరికి ముందు కాస్త చిక్కబడే తెల్లని స్రావం ఆరోగ్యానికి గుర్తులే. వాసన, దురద, మంట లేని తెల్లబట్టకు మందు అక్కర్లేదు. దానివల్ల ఎముకలు కరిగిపోతాయని భయపెట్టే మాటలు దయచేసి నమ్మవద్దు.

మూత్రంలో మంట, పదే పదే వెళ్లాలనిపించడం

మంట ఎక్కడ పుడుతోందో గమనించండి. మూత్రం వస్తున్నప్పుడు లోపలి నుంచే మండుతూ, పొత్తికడుపు బరువుగా ఉండి, వెళ్లొచ్చిన కాసేపటికే మళ్లీ వెళ్లాలనిపిస్తే అది మూత్రాశయపు ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు మాత్రమే చురుక్కుమంటే, సమస్య చర్మానిది లేదా యోనిది. దాని సంగతి తర్వాతి భాగంలో ఉంది. మూత్రం ముదురు పసుపు రంగులో కొద్దికొద్దిగా వస్తూ స్వల్పంగా మండితే ఒంట్లో నీరు తగ్గి ఉండవచ్చు. నీళ్లు బాగా తాగి చూడండి, ఒక రోజులో తెరిపి రాకపోతే ఇన్ఫెక్షన్‌గానే అనుమానించాలి.

ఈ ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణం పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా. స్త్రీలలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కాబట్టి మలద్వారం దగ్గరి నుంచి అది సులువుగా లోపలికి చేరుతుంది. నీళ్లు తక్కువ తాగినా, మూత్రం ఆపుకున్నా అది కొట్టుకుపోకుండా అక్కడే పెరుగుతుంది.

అసలు చిక్కంతా ఇక్కడే. మరుగుదొడ్డి దొరకదనే భయంతో మన ఆడవాళ్లు కావాలనే నీళ్లు మానేస్తారు. బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, బస్సు కండక్టర్లు, మామిడి కాలంలో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు పరిశ్రమలకు పనికి వెళ్లేవాళ్లు, కొండమీద దర్శనం కోసం గంటల తరబడి ఎదురుచూసే భక్తురాళ్లు, అందరిదీ ఇదే అవస్థ. దీన్ని వాళ్ల అలవాటు లోపం అనడం అన్యాయం. పనిచేసే చోట శుభ్రమైన మరుగుదొడ్డి, వెళ్లిరావడానికి కాస్త విరామం ఇవ్వడం యజమాని బాధ్యత. నలుగురు కలిసి గట్టిగా అడగండి.

చేయవలసింది ఇదీ. ఒకేసారి కడుపు నిండా కాకుండా, గంటకో గ్లాసు చొప్పున తాగండి. మూత్రం లేత పసుపు రంగులో వస్తుంటే తాగుతున్నది సరిపోతున్నట్లే. మజ్జిగ, రాగి అంబలి, బార్లీ నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. మూడు నాలుగు గంటలకు మించి ఆపుకోవద్దు. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కు కడుక్కోవాలి. కలయిక తర్వాత మూత్రానికి వెళ్లిరావడం మంచి అలవాటు. తరచూ ఈ ఇన్ఫెక్షన్ వచ్చే, నీళ్లు తక్కువ తాగే 140 మంది స్త్రీల మీద జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగినవాళ్లకు ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

కాలినడకన కొండెక్కే వాళ్లకు ఒక మాట. అలిపిరి మార్గంలో 3,550 మెట్లున్నాయి. దారిలో తాగునీరు, మరుగుదొడ్లు ఉంటాయి కాబట్టి దాహాన్ని అణచుకోనక్కర్లేదు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలపై నిషేధం ఉంది కనుక స్టీలు సీసా దగ్గర పెట్టుకోండి.

అయితే నీళ్లు ఇన్ఫెక్షన్ రాకుండా కాపాడతాయి కానీ, వచ్చినదాన్ని అన్నిసార్లూ తగ్గించలేవు. ఒకటి రెండు రోజుల్లో మంట తగ్గకపోతే మూత్ర పరీక్ష చేయించాలి. ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ మాత్ర వేసుకోవద్దు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులైతే చిన్న మంట అయినా వెంటనే చెప్పాలి.

విపరీతమైన దురద, విరిగిన పాలలాంటి తెల్లబట్ట

వాసన పెద్దగా లేకుండా, ముద్దలు ముద్దలుగా స్రావం, ఎర్రబడిన చర్మం, ఆగని దురద ఉంటే అది ఎక్కువగా క్యాండిడా అనే ఫంగస్ పని. దీనికి నీళ్లు మందు కాదు. చెమటతో తడిసిన లోదుస్తులు గంటల తరబడి ఉండటం, ఇటీవల యాంటీబయాటిక్స్ వాడటం, గర్భం, అదుపులో లేని షుగరు దీన్ని పెంచుతాయి. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు చక్కెర మూత్రంలో బయటకు పోతుంది, అందుకే వాళ్లలో ఈ దురద ఎక్కువ. మాత్ర సొంతంగా మానేయకుండా డాక్టరుతో చెప్పండి. మళ్లీ మళ్లీ వస్తుంటే రక్తంలో షుగరు పరీక్ష తప్పదు.

క్లోట్రిమజోల్ మాత్రలు యోనిలో పెట్టుకుంటే సాధారణంగా తగ్గుతుంది. దురద పోగానే మధ్యలో ఆపకూడదు. గర్భిణులు నోటి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. నూలు లోదుస్తులు వాడి, ఎండలో ఆరవేయండి. నలుగురికీ కనిపిస్తాయని చీర కింద, తలుపు వెనక ఆరేస్తే అవి పూర్తిగా ఆరవు. పుష్కరిణిలో మునిగి తడిబట్టలతో అంగప్రదక్షిణం చేసినవాళ్లు ఆ తర్వాత వీలైనంత త్వరగా పొడిబట్టలు కట్టుకోవాలి.

చేపల వాసన, పలుచని బూడిదరంగు స్రావం

మేలు చేసే బ్యాక్టీరియా తగ్గి, వేరేవి పెరిగితే ఇలా అవుతుంది. కలయిక తర్వాత వాసన మరింత తెలుస్తుంది. ఇది అశుభ్రత వల్ల వచ్చిందనుకుని చాలామంది సబ్బు, డెట్టాల్, వేపాకు నీళ్లు, నిమ్మరసంతో లోపల కడుగుతారు. మంచి బ్యాక్టీరియా అంతా దాంతోనే పోతుంది, వాసన ఇంకా పెరుగుతుంది. లోపల ఏదీ పోయవద్దు. బయట మాత్రం మామూలు నీళ్లు చాలు. సువాసనల వాష్‌లకు పెట్టే డబ్బు కూడా దండగే. ఈ సమస్య మెట్రోనిడజోల్ లాంటి మందులతో తగ్గుతుంది, డాక్టరు రాసిచ్చినన్ని రోజులూ వాడాలి.

స్రావం పసుపుపచ్చగా, నురగగా ఉంటే కలయిక ద్వారా అంటుకునే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి కావచ్చు. అప్పుడు భర్తకు కూడా మందు ఇవ్వాలి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది.

పొడిబారడం, కలయికలో నొప్పి

ఒంట్లో నీరు బాగా తగ్గితే చర్మంతోపాటు లోపలి పొరలూ ఎండుతాయన్నది నిజమే. కానీ యోని పొడిబారడానికి ముఖ్య కారణం ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను తగ్గడం. నెలసరి ఆగిన తర్వాత, బిడ్డకు పాలిచ్చే రోజుల్లో ఇది సహజం. జలుబు, అలర్జీలకు వాడే కొన్ని మాత్రలూ కారణమవుతాయి. వయసైపోయింది కదా అని నోరు మూసుకుని భరించే అక్కలకు, అత్తలకు ఈ మాట చేరాలి: దీనికి మందు ఉంది. నీటితో తయారైన జెల్ కలయిక సమయంలో వాడవచ్చు, అవసరమైతే డాక్టరు ఈస్ట్రోజెన్ క్రీము రాస్తారు. కొబ్బరినూనె తగిలితే కండోమ్ చిరిగే ప్రమాదం ఉందని గుర్తుంచుకోండి.

ప్యాడ్ వల్ల దద్దుర్లు, తొడలు ఒరుసుకోవడం

నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చండి, సువాసన ఉన్నవి మానేయండి. గుడ్డ వాడితే ఉతికి నేరుగా ఎండలో ఆరబెట్టాలి. కొండెక్కే ముందు తొడల మధ్య వాజలైన్ రాస్తే ఒరిపిడి తగ్గుతుంది.

ఆలస్యం చేయకూడనివి

నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తం, రక్తంతో కలిసిన దుర్వాసన స్రావం, కింద పుండ్లు, జ్వరంతో పొత్తికడుపు నొప్పి. వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం వద్దు. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, రుయా, చిత్తూరులో జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఈ ఇన్ఫెక్షన్లకు మందులు ఉచితంగా ఇస్తారు. 30 దాటినవాళ్లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష గురించి కూడా అక్కడే అడగండి. వెళ్లే ముందు రెండు రోజులు క్రీములు రాయకుండా, లోపల కడగకుండా ఉండండి, అప్పుడే పరీక్షలో అసలు కారణం తెలుస్తుంది. మగ డాక్టరు ముందు చెప్పలేకపోతే మహిళా డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో ఓపీ చీటీ రాసే చోట కనుక్కోండి.