పాత ట్రక్కులో 5.3 లీటర్ల వీ8 – 4వ పాఠం: ఫ్యాక్టరీ హార్నెస్‌లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

గత పాఠంలో సిల్వరాడో నుంచి ఎల్‌ఎం7 అనే ఈ 5.3 లీటర్ల ఇంజిన్‌ని హార్నెస్ (ఇంజిన్ వైర్ల కట్ట), కంప్యూటర్‌లతో సహా దించాం. ఇప్పుడు ఆ హార్నెస్‌లో 1967–72 షెవర్లే సీ10కి కావలసిన వైర్లు మాత్రమే మిగిల్చి, మిగతావి తీసేస్తాం. కొత్త హార్నెస్ కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. కానీ ఫ్యాక్టరీ వైరు వేడిని బాగా తట్టుకుంటుంది, కొలతలు ఈ ఇంజిన్‌కే సరిపడా ఉంటాయి. అన్నిటికీ మించి, ఒక్కో వైరు మీ చేతి మీదుగా వెళ్తే రేపు రోడ్డు మీద బండి ఆగినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

ఈ పాఠంలోని పిన్ నంబర్లు 0411 అనే కంప్యూటర్‌కి, అదీ కేబుల్ థ్రాటిల్ ఉన్న ఇంజిన్‌కి మాత్రమే. దాని కనెక్టర్లు రెండు: నీలం, ఎరుపు. ఒక్కోదానిలో 80 పిన్నులు. మీ చేతిలో ఉన్నవి నీలం, ఆకుపచ్చ అయితే అది 2003, ఆ తర్వాతి కంప్యూటర్. పిన్నుల అమరిక వేరు కాబట్టి ఈ నంబర్లు దానికి వాడకండి.

కట్టర్ పట్టుకునే ముందు కాగితం తీసుకోండి. పిన్ను, వైరు రంగు, చార రంగు, ఎక్కడికి వెళ్తోంది, ఉంచాలా వద్దా అని గళ్లు గీసి ప్రతి పిన్నుకీ ఒక వరుస రాయండి. రంగు చూసి ఊహించకండి. హార్నెస్‌లో గులాబీ వైర్లు చాలా ఉంటాయి. మల్టీమీటర్ ఒక కొసన, రెండో కొసన పెట్టి బీప్ వినిపించాకే రాయండి. టేపు, ప్లాస్టిక్ గొట్టం తీసేటప్పుడు కొమ్మలు చీలే చోట్లన్నిటా ముందే జిప్ టై బిగించండి. అవి వదులైతే ఇంజెక్టర్ కొమ్మ ఎక్కడ మొదలవ్వాలో తెలియదు, తిరిగి చుట్టేసరికి ఒక పక్క వైరు చాలకుండా పోతుంది.

తీసేసే వైర్లను మధ్యలో కత్తిరించి వదిలేయడం చెడ్డ అలవాటు. కరెంటున్న కొస టేపు కింద దాక్కుని ఎప్పుడో షార్ట్ అవుతుంది. 7 మి.మీ. బోల్ట్ విప్పి కనెక్టర్ బయటికి తీయండి, మూత, లోపలి లాక్ తీయండి, సన్నని పిక్‌తో నాలుక ఎత్తి వైరుని పిన్నుతో సహా వెనక్కి లాగండి. ఆ పిన్నులు దాచుకోండి, ఫ్యాన్ వైర్లకి పనికొస్తాయి.

ఉంచాల్సినవి: 8 ఇంజెక్టర్లు, రెండు కాయిల్ వరుసలు, క్రాంక్, క్యామ్, మ్యాప్ (ఇంటేక్ గాలి ఒత్తిడి సెన్సర్), ఎయిర్ ఫ్లో, థ్రాటిల్, ఐడిల్ వాల్వ్, కూలెంట్, రెండు నాక్ సెన్సర్లు, ముందరి రెండు ఆక్సిజన్ సెన్సర్లు. 4ఎల్60ఈ గేర్‌బాక్స్ పెడుతుంటే దాని గుండ్రటి కనెక్టర్ వైర్లూ ఉంచాలి. వెనక ఆక్సిజన్ సెన్సర్లు, పెట్రోల్ ఆవిరి వాల్వ్, క్రూయిజ్ పోవచ్చు. ఒక్క హెచ్చరిక: కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకి స్మాగ్ (పొగ) తనిఖీ లేదు, అందుకే సీ10కి ఇబ్బంది లేదు. అంతకంటే కొత్త బండిలో ఇదే ఇంజిన్ పెడితే ఆ భాగాలన్నీ ఉండి తీరాలి. మీ రాష్ట్రం నియమం చూసుకునే పిన్ను లాగండి.

ఇక అసలు విషయం, కరెంటు. ఇంజిన్ స్టార్ట్ కాకపోతే సెన్సర్లను అనుమానించే ముందు ఇక్కడ చూడండి. నీలం 20, 57 (అంటే నీలం కనెక్టర్‌లో 20, 57వ పిన్నులు) నారింజ వైర్లు. వీటికి 10 ఆంపియర్ ఫ్యూజు ద్వారా బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండాలి. నీలం 19 గులాబీ. తాళం తిప్పినప్పుడు కరెంటు రావాలి. కాయిల్స్, ఇంజెక్టర్లు, ఎయిర్ ఫ్లో, ఆక్సిజన్ హీటర్ల గులాబీ వైర్లకీ అంతే. వీటన్నిటికీ కలిపి 40 ఆంపియర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) ఒకటి పెట్టి, దాని తర్వాత ఫ్యూజులు విడదీయండి: ఎడమ కాయిల్స్–ఇంజెక్టర్లకి 15, కుడి వాటికి 15, ఆక్సిజన్ హీటర్లకి 15, కంప్యూటర్‌కి 10, ఎయిర్ ఫ్లోకి 10.

ఆ రిలేని తాళం దగ్గర ఏ వైరుతో నడపాలన్న చోటే చాలామంది పొరపాటు పడతారు. యాక్సెసరీ వైరు తీసుకుంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు కరెంటు పోతుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, స్పార్క్ ఉండదు, తాళం వదిలే క్షణంలో మాత్రం అంటుకోబోతుంది. ఈ లక్షణం కనిపిస్తే వేరే కారణం వెతకక్కర్లేదు. రెండో ఉచ్చు పాత కాయిల్‌కి వెళ్లే వైరు. పాయింట్ల ఇగ్నిషన్ కోసం దాన్ని రెసిస్టెన్స్ వైరుగా చేశారు, సుమారు ఒకటిన్నర ఓమ్ పైనే. మీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, లోడ్ లేదు కదా. గులాబీ వైర్లు నేరుగా దానికి కలిపి 4 ఆంపియర్లు లాగితే 6 వోల్టులు దారిలోనే పోతాయి. దాన్ని పక్కన పెట్టి, స్విచ్ ఇగ్నిషన్ టెర్మినల్ నుంచి మామూలు వైరు తెచ్చుకోండి.

ఎర్త్‌లు: నీలం 1, 40, ఎరుపు 1, 40. నాలుగూ నలుపు మీద తెల్ల చార. వీటిని హెడ్ వెనక భాగానికి, పెయింట్ గీకిన లోహానికి బిగించండి. కాయిల్ వరుసల నల్ల వైర్లూ హెడ్‌కే. బ్యాటరీ నెగటివ్ నుంచి బ్లాక్‌కి లావు కేబుల్, బ్లాక్ నుంచి ఛాసిస్‌కి, క్యాబిన్‌కి పట్టీలు వేయండి. పాత ట్రక్కులో క్యాబిన్ రబ్బరు మీద కూర్చుంటుంది. ఆ పట్టీ లేకపోతే మీటర్లు తప్పు చూపిస్తాయి.

బయటికి వచ్చే సంకేతాల్లో ఒక తేడా గుర్తుంచుకోండి. ఎరుపు 9, ముదురు ఆకుపచ్చ మీద తెల్ల చార, పెట్రోల్ పంపు రిలేకి 12 వోల్టులు ఇస్తుంది. ఎరుపు 42, 33 ఫ్యాన్ రిలేలకి ఎర్త్ ఇస్తాయి. కాబట్టి పంపు రిలేని ఆన్ చేసే రెండు టెర్మినళ్లలో 86కి పిన్ 9, 85కి ఎర్త్. ఫ్యాన్ రిలేలో 86కి తాళం కరెంటు, 85కి ఆ పిన్ను. రెండూ ఒకేలా కలిపితే ఏదో ఒకటి పనిచేయదు. ట్రక్కు హార్నెస్‌లో ఫ్యాన్ వైర్లు ఉండకపోవచ్చు, దాచిన పిన్నులు ఇక్కడే వాడాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లోనూ ఫ్యాన్లు ఆన్ చేయించాలి. అదే సమయంలో దొంగతనం నిరోధక లాక్ కూడా తీయించండి. లేకపోతే ఇంజిన్ అంటుకుని రెండు సెకన్లలో ఆరిపోతుంది, అది వైరింగ్ తప్పులాగే కనిపిస్తుంది. ఎరుపు 46 చెక్ ఇంజిన్ బల్బుకి ఎర్త్. నీలం 58 స్కానర్ సాకెట్‌లో 2వ పిన్నుకి. ఆ సాకెట్‌లోనే 4, 5కి ఎర్త్, 16కి బ్యాటరీ.

అతుకులు తప్పనిసరైన చోట క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేయండి. ఇంజిన్ మీద టంకం నాకు ఇష్టం లేదు. సీసం తీగల్లోకి పాకి, గట్టిపడిన చోటి అంచున అదురుకి విరుగుతుంది. ఆక్సిజన్ సెన్సర్ల వైర్లకైతే టంకం అసలే వద్దు, చాలా సెన్సర్లు బయటి గాలిని వైరు లోపలి నుంచే తీసుకుంటాయి. కొత్త వైరు జీఎక్స్‌ఎల్ లేదా టీఎక్స్‌ఎల్ (వేడిని తట్టుకునే తొడుగున్న బండి వైర్లు) రకమే కొనండి. పంపుకి 12 గేజ్, గులాబీ ఫీడ్లకి 14, సెన్సర్లకి 18 లేదా 20.

కంప్యూటర్ తగిలించకుండా పరీక్షించండి. తాళం తిప్పితే నీలం 19లో బ్యాటరీ వోల్టేజీ రావాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.5 కంటే దిగకూడదు. సెల్ఫ్ కొడుతుండగానే బ్యాటరీ నెగటివ్‌కీ హెడ్‌కీ మధ్య 0.2 వోల్టులు దాటకూడదు, దాటితే కేబుల్ కొసలు విప్పి శుభ్రం చేయండి. తాళం తీసేసి, ప్రతి ఇంజెక్టర్ పిన్నుకీ దాని గులాబీ వైరుకీ మధ్య ఓమ్‌లు కొలవండి. సుమారు 12 రావాలి. ఏడింటికి ఒకే అంకె వచ్చి ఒక్కదానికి తేడా వస్తే ఆ కనెక్టర్‌లో పిన్ను వెనక్కి జారిందేమో చూడండి.

ఆ తర్వాతే కంప్యూటర్ తగిలించి, తాళం తిప్పి థ్రాటిల్ సెన్సర్ దగ్గర 5 వోల్టులు ఉన్నాయేమో చూడండి. సున్నా వస్తే కంప్యూటర్ పాడైందని అనుకోకండి. 5 వోల్టులు పంచుకునే సెన్సర్లను ఒక్కొక్కటిగా ఊడదీయండి. ఏది ఊడదీసినప్పుడు 5 తిరిగి వచ్చిందో ఆ సెన్సర్ షార్ట్ అయింది. అన్నీ ఊడదీసినా రాకపోతే ఎక్కడో వైరు నలిగి హెడ్‌కి తగులుతోంది. గేర్‌బాక్స్ పైన, ఎగ్జాస్ట్ పక్కన ముందు వెతకండి. పంపు రిలే ఇంకా పెట్టొద్దు, దాని పని పెట్రోల్ లైన్లు వేసే 5వ పాఠంలో.