మైక్రో ఎకనోమెట్రిక్స్ నేర్చుకోవాలా? ముందు ఎవరితో పోలుస్తున్నారో తేల్చుకోండి

మైక్రో ఎకనోమెట్రిక్స్ అంటే మనుషులు, కుటుంబాల డేటాతో దేనివల్ల ఏం జరిగిందో లెక్కతేల్చే సబ్జెక్టు. ఎంఏ ఎకనామిక్స్‌లో చేరగానే పిల్లలు అడిగేది ఏ పుస్తకం కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని. అవి తర్వాత. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, మీకు నిజంగా తెలుసుకోవాలనిపించే ప్రశ్న ఒకటి రాయండి, అదీ "దీనివల్ల దానికి ఏమైంది?" అనే రూపంలో.

ఉదాహరణకు, మా అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు డ్రిప్పు పెట్టుకున్న రైతు ఆదాయం పెట్టుకోని రైతు కంటే ఎక్కువుంటే, అది డ్రిప్పు పుణ్యమేనా? డ్రిప్పు పెట్టాలంటే ముందు బోరులో నీళ్లుండాలి కదా! నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోయిన రైతు ఆ జాబితాలోకే రాడు. అంటే మీరు పోలుస్తున్నది డ్రిప్పును కాదు, నీళ్లున్నవాడినీ లేనివాడినీ. ఈ చిక్కు బుర్రకెక్కితే సబ్జెక్టులో సగం వచ్చినట్టే, మిగతా పద్ధతులన్నీ దీన్ని విప్పడానికే పుట్టాయి.

ఇక లెక్కలు. సగటు, వేరియన్స్ (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో), కండిషనల్ సగటు (ఒక గుంపు వరకే సగటు), ఓఎల్ఎస్ (చుక్కల మధ్య బాగా సరిపోయే గీత గీసే రిగ్రెషన్ పద్ధతి) ఒకసారి చేత్తో రాబట్టడం, ఇంత చాలు, నెల రోజులు పెట్టండి. తర్వాత కంప్యూటర్ తెరిచి (ఆర్ ఉచితం, స్టాటాకి డబ్బు కట్టాలి, మీ యూనివర్సిటీ ల్యాబులో ఉంటే వాడుకోండి) వెయ్యి మంది ఉత్తుత్తి రైతులను తయారు చేయండి. డ్రిప్పు వల్ల ఎకరాకు వచ్చే లాభం 5 వేలు అని మీరే పెట్టండి, నీళ్లు బాగా ఉన్నవాళ్లే డ్రిప్పు పెట్టుకునేలా, నీళ్ల వల్ల కూడా ఆదాయం పెరిగేలా చేయండి, ఆపైన నీళ్ల కాలమ్ తీసేసి రిగ్రెషన్ నడపండి. 5 వేలు రాదు, అంతకంటే ఎక్కువే వస్తుంది. అసలు జవాబు మీకు తెలుసు కాబట్టి తప్పు ఎంతో కళ్లెదుటే కనిపిస్తుంది. పది థియరీ క్లాసుల కంటే నాకు ఇదే ఎక్కువ పనికొచ్చింది.

మూడో పని, ఎవరో చేసిన పనిని మళ్లీ చేయడం. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ 1994లో అచ్చువేసిన కనీస వేతనం పేపర్ తీసుకోండి, డేటా ఉచితంగా దొరుకుతుంది. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీలో గంట కూలి 4.25 డాలర్ల నుంచి 5.05కి పెంచారు, పక్కనున్న పెన్సిల్వేనియాలో పెంచలేదు. రెండు చోట్లా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను ముందొకసారి, తర్వాతొకసారి అడిగారు. నాలుగు సగటులు, మూడు తీసివేతలు, అంతే. పెన్సిల్వేనియాతో పోలిస్తే న్యూజెర్సీ హోటలుకు ఎన్ని ఉద్యోగాలు పెరిగాయో చెప్పే, వాళ్లకు వచ్చిన 2.76 మీకూ వచ్చేదాకా వదలొద్దు. పార్ట్‌టైమ్ వాళ్లను సగం మనుషులుగా లెక్కించాలన్న చిన్న సంగతి మరిచిపోతే ఎంతకీ రాదు.

ఇప్పుడు సొంత డేటా. నా ప్రశ్న, ఉపాధి హామీ వల్ల కూలి రేట్లు పెరిగాయా అని. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో అనంతపురం, కడప ఉన్నాయి, కర్నూలు 2007లో రెండో విడతలో వచ్చింది. పక్కపక్క జిల్లాలు, అదే ఎండ, అదే శెనక్కాయ, ఒకచోట ముందు, ఒకచోట తర్వాత, ఇంతకంటే ఏం కావాలి అని నేనూ ఎగబడ్డాను. కేంద్రం ఇంటింటికీ తిరిగి చేసే నేషనల్ శాంపుల్ సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 61వ రౌండు 2004-05ది, పథకానికి ముందు, బాగుంది. 64వ రౌండు మొదలైంది 2007 జూలైలో. అప్పటికే కర్నూలుకూ పథకం వచ్చేసింది! మూడు వారాల పని బూడిదలో పోసిన పన్నీరైంది. పోనీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడో విడత జిల్లాలైన కృష్ణా, పశ్చిమ గోదావరి, విశాఖలతో పోలుద్దామంటే, కాలువ కింద వరి మడికీ మన మెట్ట చేనుకీ పోలికేంటి? పైగా వెనకబడిన జిల్లాలనే ముందు ఎంచుకున్నారు. మూడో విడత 2008 ఏప్రిల్‌లో మొదలైంది కాబట్టి ఆ రౌండులో చివరి మూడు నెలలూ పక్కన పెట్టాలి. ఒక్క రాష్ట్రంతో పని జరగదు, దేశంలోని జిల్లాలన్నీ తీసుకుని, పథకం రాకముందు రెండు గుంపుల (ముందు వచ్చిన జిల్లాలు, తర్వాత వచ్చిన జిల్లాలు) కూలి రేట్లు ఒకేలా కదిలాయో లేదో పాత రౌండ్లతో చూపించాలి.

ఎన్‌ఎస్‌ఎస్ ఫైల్ తెరిస్తే కాలమ్‌లు కనబడవు, పొడుగాటి అంకెల వరసలుంటాయి, ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏముందో లేఅవుట్ ఫైల్ చూసి కోసుకోవాలి. కుటుంబాలనూ మనుషులనూ కలిపేటప్పుడు ముందు ఎన్ని వరసలున్నాయి, తర్వాత ఎన్నయ్యాయి చూసుకోండి. ఇంటి నంబరు ఒక్కదానితో కలిపితే ఊరూ పేరూ లేని వాళ్లంతా చుట్టాలైపోతారు. వెయిట్లు (సర్వేలో ఒక్కో ఇల్లు బయట ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు) మరవకండి. కొత్త సర్వేలతో కలిపేవాళ్లకు ఇంకో టెన్షన్, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి, హిందూపురం ఇప్పుడు అనంతపురంలో లేదు.

స్టాండర్డ్ ఎర్రర్లు (మీ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకెలు) జిల్లా స్థాయిలో క్లస్టర్ చేయండి, అంటే ఒక జిల్లా వాళ్లందరినీ ఒక గుంపుగా చూసి లెక్కించండి. పథకం వచ్చింది జిల్లాకి, మనిషికి కాదు, కాబట్టి ఇరవై వేల మంది ఉన్నారని మురిసిపోవద్దు.

ఇన్‌స్ట్రుమెంట్లు (కారణాన్ని మాత్రమే కదిలించి, ఫలితాన్ని దాని ద్వారా తప్ప ముట్టుకోని బయటి సంగతులు), డిస్‌కంటిన్యుటీ (ఒక గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్లను పోల్చే పద్ధతి) ఆ తర్వాత నేర్చుకోండి. వాన కనబడగానే ఇన్‌స్ట్రుమెంట్ అనేస్తారు చాలామంది, వాన దిగుబడినే కాదు, కూలి పనులనూ వలసనూ కూడా మారుస్తుందని మరిచిపోయి.

రాసేటప్పుడు ఫలితాల కంటే ముందు ఒక పట్టిక పెట్టండి: 2004-05లో రెండు గుంపుల కూలి, సాగునీరు, అక్షరాస్యత పక్కపక్కన. వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.