జామ్ గట్టిపడట్లేదా? పొయ్యి ఆపి ముందు తూకం వెయ్యండి

సమస్య: ఇండక్షన్ మీద గంటన్నర నుంచి ఉడుకుతోంది, కలిపి కలిపి చెయ్యి లాగేస్తోంది, జామ్ మాత్రం గరిటె నుంచి నీళ్ళలా జారిపోతోంది, రంగు చూస్తే బెల్లం పాకంలా నల్లబడిపోతోంది. మామిడిపళ్ళ రోజులొచ్చాయంటే మా విజయనగరంలో మా వీధివాళ్ళు నన్నడిగేది ఇదే, "పిన్నీ, ఇంకా ఎంతసేపు ఉడికించాలి" అని. ఇంక ఉడికించకండి, ముందు స్విచ్ ఆపండి.

ఎంతమందికి చెప్పినా చెయ్యని చెక్ ఒకటుంది. వేడిగా ఉన్న జామ్ ఎప్పుడూ పల్చగానే ఉంటాది, చల్లారితేనే బిగుస్తాది. పొయ్యి వెలిగించే ముందే చిన్న స్టీలు ప్లేటు డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి. అయిందనిపించినప్పుడు స్టవ్ ఆపి, ఒక స్పూన్ ఆ చల్లటి ప్లేటు మీద వేసి, నిమిషం ఆగి వేలితో మెల్లగా తోయండి. పైన ముడతలు పడ్డాయంటే అయిపోయినట్టే. చాలామంది అయిపోయిన జామ్‌నే ఇంకో అరగంట ఉడికించి కరెంటూ జామూ రెండూ పాడు చేసుకుంటారు.

ముడత పడలేదా, అప్పుడు తూకం వెయ్యండి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసి పెట్టుకోవాలి. కేజీ మామిడి గుజ్జు, ముప్పావు కేజీ పంచదార కలిపితే 1750 గ్రాములు. జామ్ నిలబడాలంటే అందులో తీపీ పండు సారం కలిపి నూటికి 65 పాళ్ళ పైన ఉండాలి, ఆ లెక్కన దించేసరికి దగ్గర దగ్గర 1350 గ్రాములు మిగలాలి. అంటే ఆవిరవ్వాల్సింది నాలుగొందల గ్రాముల నీరే. గిన్నె బరువు పోను ఇంకా 1500 ఉందనుకోండి, నీరు మిగిలుంది, ఇంకాసేపు ఉడికించండి, సరిపోతుంది. 1350కి వచ్చేసినా పల్చగానే ఉందంటే మాత్రం ఇంక ఎంత ఉడికించినా గట్టిపడదు, తప్పు పొయ్యి దగ్గర లేదు, పండు దగ్గరుంది.

ఇది నాకు బాగా దెబ్బ తగిలాక తెలిసిన సంగతి. సాయంత్రం పూట గంటస్తంభం దగ్గర బండి మీద సువర్ణరేఖ పళ్ళు చవగ్గా ఇచ్చేస్తున్నాడని అయిదు కేజీలు తెచ్చేశాను, అన్నీ వేలు పెడితే దిగిపోయేలా మగ్గినవే, జామ్‌కి మెత్తటివైతే ఏటి, ఇంకా మంచిదే కదా అనుకున్నాను. రెండు గంటలు ఉడికించినా ప్లేటు మీద వేస్తే చుక్క నిలవలేదు, ప్లేటు కాస్త వంచితే తేనెలా జారింది. ఇంకాసేపు, ఇంకాసేపు అని ఉడికించి సీసాల్లో పోసి పడుకున్నాను. పొద్దున్న చూస్తే పాకం ముదిరిపోయి సీసాలో స్పూను దిగలేదు, బలవంతంగా లాగితే తీగలు సాగింది. జామ్ అవ్వలేదు, పాకమూ పనికి రాలేదు, పిల్లలు రొట్టె మీద రాసుకోడానికి కూడా లేకుండా పోయింది.

ఎందుకంటే జామ్‌ని నిలబెట్టేది పంచదార ఒక్కటే కాదు, పండులో ఉండే పెక్టిన్ అనే జిగురు, దానికి తోడు పులుపు, మూడూ కలవాలి. కాయ దోరగా ఉన్నప్పుడు పెక్టిన్ బాగుంటాది, మగ్గేకొద్దీ పండే దాన్ని విరగ్గొట్టేసుకుంటాది, అందుకే కదా పండు మెత్తబడేది. పులుపూ అప్పుడే తగ్గిపోతుంది. పైగా గంటలు గంటలు ఉడికిస్తే మిగిలిన ఆ కాస్త పెక్టిన్ కూడా విరిగిపోతుంది. అంటే గట్టిపడట్లేదని ఇంకా ఉడికించేకొద్దీ గట్టిపడే అవకాశం మనమే పోగొడుతున్నామన్నమాట.

పరిష్కారం చవకే. మూడు వంతులు పండు, ఒక వంతు దోరకాయ, ఇదే లెక్క. మామిడికి దోర కలెక్టరు కాయ గానీ పుల్ల మామిడి గానీ తురిమి కలపండి. చవగ్గా మగ్గిన పళ్ళు కొనుక్కోండి, తప్పు లేదు, కానీ వాటితో పాటు గట్టి కాయలు రెండు తెచ్చుకోండి. సీతంపేట అనాస లాంటివాటిలో పెక్టిన్ మొదటి నుంచీ తక్కువే, వాటికి పావు కేజీ దోర జామకాయలు గింజలతో సహా ముక్కలు కోసి, అరగ్లాసు నీళ్ళతో కుక్కర్లో మూడు విజిల్స్ రానిచ్చి, జల్లెడలో రుద్ది ఆ గుజ్జు కలిపేయండి. కేజీకి రెండు నిమ్మకాయల రసం తప్పనిసరి. పంచదార మాత్రం పండు పూర్తిగా మెత్తబడ్డాకే వెయ్యాలి, ముందే వేస్తే ముక్క బిరుసెక్కుతాది.

ఇప్పటికే పల్చగా వచ్చేసిన వాయి ఉంటే పారెయ్యకండి. ఇదే జామకాయ గుజ్జు, నిమ్మరసం కలిపి, బాగా తెర్లనిచ్చి, ఓ అయిదారు నిమిషాలయ్యాక ప్లేటు టెస్ట్ చెయ్యండి.

ఇక కరెంటు సంగతి. ఇండక్షన్ 1200 వాట్ల మీద గంటన్నర ఆగకుండా నడిస్తే 1.8 యూనిట్లు. సరిగ్గా చేస్తే అదే వాయి అరగంటలో, 0.6 యూనిట్లో అయిపోతుంది. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం 125 యూనిట్లు దాటాక యూనిట్టు 6 రూపాయలు, 225 దాటితే 8.75, పైన సర్దుబాటు చార్జీలు వేరే. ఒక్క వాయికి తేడా ఏడు నుంచి పదిన్నర రూపాయలే, నిజమే, కానీ కూలరూ ఏసీ నడిచే నెలలో పది వాయిలు చేసేవాళ్ళకి అదీ లెక్కకొస్తుంది. నమ్మకం లేకపోతే ముందూ తర్వాతా మీటరు రీడింగ్ చూసుకోండి.

లీటరు నీటిని ఆవిరి చెయ్యడానికే 0.63 యూనిట్లు కావాలి, అందుకని గుజ్జు మిక్సీ వేసేటప్పుడు గ్లాసు నీళ్ళు పోసే అలవాటు మానండి, ఆ నీళ్ళు మళ్ళీ మనం డబ్బులిచ్చి ఆవిరి చెయ్యాల్సిందే. గిన్నె లోతుది కాదు, వెడల్పుది, అడుగు చదునుగా ఉన్న స్టీలుది పెట్టండి. ముక్కలు మెత్తబడేవరకు మూత, పంచదార వేశాక మూత తీసెయ్యాలి. కేజీ, కేజీన్నర గుజ్జుకి మించి ఒకే వాయిలో వెయ్యకండి, అయిదు కేజీలు ఒకేసారి పెడితే నీరు పోయేసరికి పెక్టిన్ కూడా పోతుంది. వేడి సీసాలు ఫ్రిజ్‌లో పెట్టకండి, పూర్తిగా చల్లారనివ్వండి.

మిగతావి అరుదు. సీసాలో పలుకులు కట్టిందంటే నిమ్మరసం తక్కువైంది. బూజు పట్టిందంటే సీసా తడిగా ఉంది, లేదా తడి స్పూన్ పెట్టారు, అది తీసి తినకండి, మొత్తం పారెయ్యండి. షుగర్ ఉందని పంచదార సగానికి తగ్గించి చేస్తే ఈ పద్ధతిలో జామ్ నిలవదు, అది కొంచెం చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలో తినేయడమే.